కార్మికుల పరిహార హక్కుకు బాట వేసిన ఎన్.ఎం.జోషి

పనిలో ప్రాణం కోల్పోయిన కార్మికుని కుటుంబానికి పరిహారం చెల్లించడం యజమాని దయాధర్మం కాదు, చట్టబద్ధమైన బాధ్యత. ఈ సూత్రం దేశంలో 1923లో శాసనరూపం దాల్చింది. అప్పటి కేంద్ర శాసనసభలో కార్మికుల గొంతుగా నిలిచిన నేత నారాయణ్ మల్హార్ జోషి.

కొలాబా జిల్లా గోరేగావ్‌లో 1879 జూన్ 5న జన్మించిన జోషి పుణేలో విద్యనభ్యసించి, కొంతకాలం ఉపాధ్యాయునిగా పనిచేశారు. గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో 1909లో చేరారు. 1911లో బొంబాయిలో సోషల్ సర్వీస్ లీగ్‌ను నెలకొల్పి, మిల్లు కార్మికుల వాడలనే తన కార్యక్షేత్రంగా చేసుకున్నారు. 1920లో ఏర్పడిన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1921 నుంచి 1947 వరకు శాసనసభలో కార్మికుల నామినేటెడ్ ప్రతినిధిగా కొనసాగారు.

అంతకు పూర్వం మృతుని కుటుంబం 1855 నాటి చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లి, యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసి ఉండేది. ప్రమాదానికి తోటి కార్మికుని పొరపాటే కారణమని యజమాని వాదించగలిగేవాడు. 1924 జూలై 1న అమలులోకి వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం ఈ రుజువు భారాన్ని తొలగించింది. వయోజన కార్మికుడు మరణిస్తే 30 నెలల వేతనం లేదా 2,500 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది చెల్లించాలని నిర్దేశించింది. మరణ పరిహారాన్ని కమిషనరు వద్దనే జమ చేయాలి. నిస్సహాయ కుటుంబం కొద్దిపాటి సొమ్ముకు రాజీపడకుండా ఇది రక్షణ కల్పించింది.

గుత్తేదారు కింద పనిచేసేవారి విషయంలోనూ చట్టం స్పష్టత చూపింది. కార్మికుడు ప్రధాన యజమాని నుంచే పరిహారం కోరవచ్చు. ఆ యజమాని తాను చెల్లించిన మొత్తాన్ని తరువాత గుత్తేదారు నుంచి రాబట్టుకోవచ్చు. వారిరువురి వివాదం తేలేవరకు బాధితుడు వేచి ఉండనవసరం లేదు.

హక్కు లభించినా, అప్పీళ్ల పేరిట జాప్యం జరిగితే అది నిష్ఫలమే. అందుచేత ముఖ్యమైన న్యాయాంశం ఇమిడి ఉన్నప్పుడే హైకోర్టుకు వెళ్లేందుకు చట్టం వీలు కల్పించింది. అప్పీలు చేసే యజమాని పరిహారపు సొమ్మును ముందుగా కమిషనరు వద్ద జమ చేయాలన్న నిబంధన కూడా దానిలో చోటు చేసుకుంది.

1929లో నియమితమైన రాయల్ లేబర్ కమిషన్‌లో జోషి సభ్యులయ్యారు. దానిని బహిష్కరించాలన్న తీర్మానంపై అదే ఏడాది నాగపూర్ మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ చీలిపోయింది. జోషి, వి.వి.గిరి తదితరులు వెలుపలికి వచ్చారు. బ్రిటిష్ కమిషన్‌తో సహకరించడమేమిటన్న విమర్శలను జోషి ఎదుర్కొన్నారు. అయితే ఆ కమిషన్ నివేదిక దరిమిలా వచ్చిన 1933 సవరణ పరిహారానికి నిరీక్షణ కాలాన్ని 10 రోజుల నుంచి 7 రోజులకు తగ్గించింది. తోటి కార్మికుని పొరపాటు అనే వాదనకు 1938 నాటి యజమానుల బాధ్యతా చట్టం తెర దించింది.

చీలిన కార్మికోద్యమం 1940లో ఏకమయ్యాక జోషి మళ్లీ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శి బాధ్యతలు చేపట్టి, 1948 వరకు కొనసాగారు. 1955 మే 30న కన్నుమూశారు. 1923 చట్టంలోని మూలసూత్రం పార్లమెంటు 2020లో ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోనూ నిలిచింది.