రెండుసార్లు రాసిన తెలుగు వ్యాకరణం

1812 మార్చి 11, బుధవారం. కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డునున్న సేరంపూర్ పట్టణంలో సాయంత్రం వేళ మిషన్ ముద్రణాలయం నుంచి పొగ లేచింది. కాగితాలు నిల్వచేసిన గదిలో ఎలాగో నిప్పంటుకుంది. ముద్రణ బాధ్యతలు చూస్తున్న విలియం వార్డ్ వెంటనే తలుపులూ కిటికీలూ మూయించి, కప్పుమీది నుంచి నీళ్లు పోయించారు. మంట అణిగిపోతుందనే అనుకున్నారు. అంతలో సాయానికి వచ్చిన వారెవరో కిటికీ తెరిచారు. గాలి తగిలింది. ఇంక ఆపడం ఎవరి తరమూ కాలేదు. 200 అడుగుల పొడవున్న ఆ భవనం కప్పు రాత్రికి రాత్రే కూలిపోయింది.

ఆ సమయానికి దైవజనుడు విలియం కేరీ అక్కడ లేరు. వారంలో కొన్ని రోజులు ఆయన కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో పాఠాలు చెప్పేవారు. మర్నాడు జాషువా మార్ష్‌మన్ వెళ్లి ఆ కబురు చెప్పారు. 14 ప్రాచ్యభాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. బండిళ్ల కొద్దీ కాగితం బూడిదైంది. వాటినైనా డబ్బిస్తే మళ్లీ కొనుక్కోవచ్చు. చేతిరాత ప్రతులను ఎక్కడ కొంటాం? బైబిలు అనువాదాలు, ఏడాదిపాటు శ్రమించిన రామాయణ అనువాద భాగం, బెంగాలీ నిఘంటువు పుటలు పోయాయి. సంస్కృతాన్నీ దాని బంధుభాషలనూ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి కూరుస్తున్న మహా నిఘంటువు ఆనవాలు లేకుండా పోయింది. పంజాబీ వ్యాకరణం చాలావరకు కాలిపోయింది. తెలుగు వ్యాకరణమైతే మొత్తంగా పోయింది.

మన భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసినవారు అనగానే మనకు సి.పి.బ్రౌన్ గుర్తుకొస్తారు. ఆయన వ్యాకరణం అచ్చయింది 1840లో. అంతకు పావు శతాబ్దం ముందే, ఒకనాడు చెప్పులు కుట్టి బతికిన వ్యక్తి ఆ పని చేశాడనీ, దాన్ని రెండుసార్లు చేయాల్సి వచ్చిందనీ మన సంఘాల్లో సైతం చాలామందికి తెలియదు.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మొదట నేతపని చేసి, తరువాత ఆ ఊరి బడిపంతులయ్యారు. పిల్లవాడి గది నిండా పురుగులు, పిట్టలు, మొక్కలే. కెనడా వెళ్లివచ్చిన బాబాయి పీటర్ తోటమాలి. మొక్కల మీద మోజు ఆయన దగ్గరే అంటిందంటారు. పొలం పనికి వెళ్తే ఎండకు చర్మం పాడయ్యేది. అందుకని 14వ ఏట పిడింగ్టన్‌లో చెప్పులు కుట్టే పనికి కుదిర్చారు. యజమాని ఇంట్లో కొత్తనిబంధన వ్యాఖ్యానం ఒకటి ఉండేది. అందులో మధ్యమధ్య గ్రీకు అక్షరాలు. అవేమిటో అర్థం కాక వాటిని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దించుకుని, గ్రీకు తెలిసిన ఒక నేతపనివాని దగ్గరికి పట్టుకెళ్లి చదివించుకునేవాడు. చదువుల చరిత్రలో ఇంతకంటే చిన్న ఆరంభం అరుదు. తరువాత లాటిన్, హెబ్రీ, డచ్, ఫ్రెంచ్ భాషలు అలాగే, చేతిలో పని ఉండగానే నేర్చుకున్నారు.

మౌల్టన్‌లో బాప్టిస్టు కాపరిగా ఉన్నప్పుడు జీతం చాలక బడి నడుపుతూ చెప్పులూ కుట్టారు. పనిచేసే చోట గోడకు పెద్ద ప్రపంచపటం ఉండేది. కాగితాలు అతికించి ఆయన స్వయంగా చేసుకున్నది. ఏ దేశంలో జనం ఎందరు, వారి మతమేమిటి అన్న వివరాలు దొరికినవి దొరికినట్టు దానిమీద రాసుకునేవారు. కెప్టెన్ కుక్ సముద్రయానాల పుస్తకాలు చదివి ప్రార్థించిన మనిషి ఆయన. ఆ పటమే 1792లో 87 పుటల చిన్న పుస్తకమైంది. అన్యదేశాలకు సువార్త చేర్చడం క్రైస్తవుల బాధ్యతా కాదా అన్నది దాని విషయం. మామూలుగా అలాంటి పుస్తకంలో మనం ప్రసంగం కోసం వెతుకుతాం. కేరీ పుస్తకంలో చాలాభాగం పట్టికలే. ఖండాలవారీగా దేశాల పొడవు, వెడల్పు, జనసంఖ్య, మతం. పరిశోధకుడిగా ఆయన మొదటి రచన ఇదేనని మన అభిప్రాయం. అదే ఏడాది మే నెలలో నాటింగ్‌హామ్‌లో యెషయా గ్రంథం 54వ అధ్యాయం మీద ప్రసంగించారు. అక్టోబరు 2న కెట్టరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సొసైటీ ఏర్పడింది.

1793 నవంబరులో కుటుంబంతో బెంగాల్ చేరారు. ఇక్కడినుంచి కథను కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. మన వేదికల మీద కేరీ గురించి చెప్పేవారు త్వరగా దాటేసే భాగం ఇదే.

భార్య డోరతీకి చదువు రాదు. పెళ్లి రిజిస్టరులో ఆమె సంతకం స్థానంలో గుర్తు పెట్టింది. భారతదేశానికి రావడం ఆమెకు ఇష్టం లేదు. ఆమెను, పిల్లలను వదిలి బయలుదేరడానికే కేరీ సిద్ధమయ్యారు. ఓడ ఆలస్యం కావడంతో మరోసారి బతిమాలగా, చెల్లెలు తోడు వస్తుందంటే, నెలల పసికందుతో కదిలింది. వచ్చాక డబ్బు లేదు, ఇల్లు లేదు. 1794లో మదనబాటి అనే చోట నీలిమందు కర్మాగారం నిర్వహించే ఉద్యోగం దొరికింది. ఆ ఏడే ఐదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. డోరతీ మనసు ఆ దెబ్బకు చెదిరింది. మళ్లీ కోలుకోలేదు. 1807 డిసెంబరులో చనిపోయే వరకు, అంటే 12 ఏళ్లకు పైగా, ఎక్కువకాలం ఆమెను గదిలో పెట్టి కాపాడుకోవాల్సి వచ్చింది. పక్కగదిలో ఆమె కేకలు వినబడుతుండగా ఈ గదిలో కేరీ పండితులతో కూర్చుని అనువాదం చూసుకునేవారు.

దీన్ని ఆయన ఓర్పుకు నిదర్శనంగా చెప్పేవారున్నారు. మనకు అంత తేలిగ్గా మాట పెగలదు. ఆ పుస్తకాల వెల కొంత డోరతీ కూడా చెల్లించింది. ఆమెనెవరూ అడగలేదు. కేరీ ఆమెను ఆస్పత్రికి పంపేసి చేతులు దులుపుకోలేదు, చివరివరకు ఇంట్లోనే ఉంచుకున్నారు. ఇది నిజం. అది చాలునా అన్న ప్రశ్న కూడా నిజమే.

1800 జనవరిలో డెన్మార్క్ వారి ఏలుబడిలో ఉన్న సేరంపూర్‌కు చేరి, మార్ష్‌మన్, వార్డ్ కుటుంబాలతో కలిసి ఒకే వంట, ఒకే ఖజానాగా జీవించడం మొదలుపెట్టారు. 1801లో బెంగాలీ కొత్తనిబంధన అచ్చయింది. అదే సంవత్సరం ఫోర్ట్ విలియం కళాశాల ఆయనను బెంగాలీ బోధకుడిగా తీసుకుంది. నెలకు 500 రూపాయల జీతం. తరువాత సంస్కృతం, మరాఠీ కూడా అప్పగించారు, జీతం రెట్టింపయింది. ఇంటి ఖర్చుకు కొద్దిగా ఉంచుకుని మిగతాదంతా ఉమ్మడి ఖజానాకు ఇచ్చేవారు. ఒక విందులో ఎవరో అధికారి, ఈయన ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడట కదా అని చెవులు కొరుక్కుంటే, తయారుచేసేంతవాణ్ని కాదు, పాతవి బాగుచేసేవాణ్ని మాత్రమేనని కేరీ అందరికీ వినబడేలా సరిదిద్దారట.

ఆ తరువాత వచ్చిన పుస్తకాల వరస చూస్తే ఒక్క మనిషి పనేనా అనిపిస్తుంది. 1801లో బెంగాలీ వ్యాకరణం, 1805లో మరాఠీ వ్యాకరణం, 1806లో దాదాపు వెయ్యి పుటల సంస్కృత వ్యాకరణం, 1810లో మరాఠీ నిఘంటువు. నిజానికి ఒక్క మనిషి పని కాదు. మృత్యుంజయ విద్యాలంకార్ వంటి పండితులు పక్కన కూర్చున్నారు. పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ ఉక్కు మీద అక్షరాలు చెక్కారు. వీటన్నిటిలో మనకు ముచ్చటగా తోచేది 1801 నాటి కథోపకథన్. బెంగాలీ మాటల తీరు నేర్పే సంభాషణల పుస్తకం. అందులో నౌకర్లు, రైతులు, అప్పిచ్చేవారు మాట్లాడుకుంటారు. ఆడవాళ్లు పోట్లాడుకుంటారు. పండితులు పుస్తకానికి తగదనుకునే వీధిభాషకు చెప్పుల అంగట్లో పెరిగిన చెవి చోటిచ్చింది.

ఇక మొక్కలు. సేరంపూర్‌లో ఐదెకరాలకు పైగా తోట వేసి, లిన్నేయస్ పద్ధతిలో వర్గాలుగా అమర్చారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన విత్తనాల సంచీని ఖాళీచేశాక, అడుగున మిగిలిన మట్టిని కూడా పారేయకుండా నీడపట్టున దులిపారు. కొన్నాళ్లకు అక్కడ చిన్న డైసీ పువ్వు పూసింది. పుట్టిన ఊరి పచ్చికలో పూసే పువ్వది. 30 ఏళ్లుగా చూడని ఆ పువ్వును చూసి ఆయన చిన్నపిల్లవాడిలా సంబరపడ్డారు.

కలకత్తా వృక్షోద్యానం అధిపతి డాక్టర్ విలియం రాక్స్‌బరో ఆయనకు ఆప్తమిత్రుడు. ఈ రాక్స్‌బరో మనకు పరాయివాడు కాదు. 1793లో కలకత్తా వెళ్లేదాకా మన సామర్లకోటలో తోట పెంచుతూ, కోరమాండల్ తీరపు మొక్కలకు తెలుగు పేర్లతో సహా వివరాలు రాసుకున్న వృక్షశాస్త్రవేత్త. మన అడవుల్లోని కుంభి చెట్టు ఉండే ప్రజాతికి కేరియా అని పేరు పెట్టింది ఆయనే, మిత్రుడి పేరు మీదుగా. అనారోగ్యంతో ఆయన దేశం విడిచి వెళ్లాక ఆ రాతప్రతులను అచ్చువేయించే భారం కేరీ మోశారు. 1814లో కలకత్తా తోట మొక్కల జాబితా, 1820 నుంచి ఫ్లోరా ఇండికా సంపుటాలు సేరంపూర్‌లో అచ్చయ్యాయి. 1820లోనే వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించారు. 1823లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. సృష్టిని చదవడం వాక్యాన్ని చదవడానికి పోటీ అని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

అగ్నిప్రమాదం దగ్గరికి మళ్లీ వద్దాం. కలకత్తా నుంచి వచ్చి ఆ బూడిదను చూసినప్పుడు కేరీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఆదివారం 46వ కీర్తన మీద ప్రసంగించారు. ఇచ్చినదాన్ని తీసుకునే హక్కు దేవునికుంది, ఊరకుండి దాన్ని ఒప్పుకోవడం మన వంతు అన్నది ఆయన చెప్పిన సారం. కానీ ఊరకున్నది మనసే, చేతులు కాదు. శిథిలాల్లో అచ్చు యంత్రాలు ఐదు చెడకుండా దొరికాయి. అక్షరాలు పోతపోసే ఉక్కు అచ్చులు బూడిదలో పాడవకుండా కనిపించాయి. కరిగిన లోహాన్ని ఏరి వారాల వ్యవధిలోనే మళ్లీ పోతపోయడం మొదలైంది. కబురు ఇంగ్లండ్ చేరాక రెండు నెలలు తిరక్కుండానే నష్టానికి సరిపడా చందాలు వచ్చాయి.

కేరీ మళ్లీ మొదటి పుట దగ్గర కూర్చున్నారు. రెండోసారి రాస్తే మొదటిదానికంటే మెరుగ్గా వస్తుందన్నది ఆయన ఆశ. పంజాబీ వ్యాకరణం ఆ ఏడే బయటికి వచ్చింది. తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. కన్నడ వ్యాకరణం 1817లో. సుమారు 80 వేల మాటల బెంగాలీ నిఘంటువు 1825కు పూర్తయింది. ఆ మహా నిఘంటువును మాత్రం మళ్లీ కూర్చలేకపోయారు. కొన్ని నష్టాలు అలాగే మిగిలిపోతాయి.

తెలుగు పని విషయంలో మనం ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. కేరీ తెలుగుగడ్డ మీద నివసించలేదు. సేరంపూర్‌కు వచ్చిన పండితుల నోట విన్నదే ఆయన తెలుగు. 1818లో అక్కడ తెలుగు కొత్తనిబంధన, 1821లో పంచకాండాలు అచ్చయ్యాయి, కానీ అవి మన నాలుక మీద నిలవలేదు. విశాఖపట్నంలో జనం మధ్య ఉండి నేర్చుకున్న లండన్ మిషన్ వారి అనువాదానిదే పైచేయి అయింది. దాదాపు 40 భాషల్లో, మాండలికాల్లో చేసిన అనువాదాల్లో చాలావాటి గతి ఇదే. ఇన్ని భాషలు ఒక్కచోట కూర్చుని చేయడం పొరపాటేనన్న విమర్శ ఆనాడే ఉంది. అందులో న్యాయముంది. అయినా తరువాతివారు దిద్దడానికి ఎదుట ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ మొదటి ప్రతిని ఆయన రాశారు.

మిగతాది క్లుప్తంగా చెప్పుకుందాం. 1818లో సేరంపూర్ కళాశాల పెట్టారు. 1823 అక్టోబరులో కాలు జారి పడి తుంటి దెబ్బతిని మంచంలో ఉండగా వరద వచ్చింది. ఇల్లు ఖాళీచేయాల్సి వచ్చింది, తోట నీటమునిగింది. తోటను కూడా రెండోసారి వేశారు. 1829 డిసెంబరులో సతీసహగమన నిషేధ చట్టం అనువాదానికి వచ్చింది ఒక ఆదివారం ఉదయం. ప్రసంగాన్ని మరొకరికి అప్పగించి, పండితుడితో కూర్చుని సాయంత్రానికి బెంగాలీలోకి తెచ్చారు. ఒక్కరోజు జాప్యమైతే ఎందరు స్త్రీలు చితి ఎక్కుతారోనన్నది ఆయన తొందర.

1834 జూన్ 9న కన్నుమూశారు. అంతకు ముందు నెలల్లో, నడవలేని స్థితిలో, చక్రాల కుర్చీలో తోటలోకి తీసుకెళ్లేవారు. అదీ చేతకానప్పుడు తోటమాలే మంచం దగ్గరికి వచ్చి మొక్కల సంగతులు చెప్పి వెళ్లేవాడు. ఒకరోజు ఆయన మరీ దిగులుగా ఉండటం చూసి మార్ష్‌మన్ కారణమడిగారు. తాను పోయాక సహోదరుడు మార్ష్‌మన్ తోటలోకి ఆవులను వదిలేస్తాడేమోనని బెంగట. తనకు మొక్కల శాస్త్రం తెలియకపోయినా ఈ తోటను కాపాడతానని మార్ష్‌మన్ మాటిచ్చారు.