ఆచార్య మీనాక్షిసుందరముగారు

భారతదేశపు గణితవేత్తలనగానే మన బాలురు రామానుజుని పేరు చెప్పి యూరకుందురు. ఆయన తరువాతి తరమునకు చెంది, ఉద్యోగకాలమును దాదాపుగా ఆంధ్రదేశమునందే గడపిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరముగారి పేరు విన్నవారు కొలదిమందియే. కావున వారి చరిత్రమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

వీరు 1913వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన త్రిచూరులో జన్మించిరి. మదరాసు లయోలా కళాశాలలో చదివి, పిదప ఆనందరావుగారి యొద్ద పరిశోధనకు పూనిరి. అంతము లేని శ్రేఢులను కూడు విధానము వారి మొదటి విషయము. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయపు రజీయుద్దీన్ సిద్దీఖీగారు మదరాసునకు వచ్చి యిచ్చిన ఉపన్యాసములు వారి మనస్సును వేరొక దారికి మరల్చినవి. వేడి యే రీతిగా వ్యాపించునో తెలుపు సమీకరణములపై వీరు కృషి చేసి, 1940లో మదరాసు విశ్వవిద్యాలయమువలన డి.ఎస్‌సి. పట్టము నందిరి.

పట్టము వచ్చెను గాని ఉద్యోగము రాలేదు. అంతటి విద్వాంసుడు పరీక్షలకు పోవు పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనవలసి వచ్చెను. ఇది తలచుకొన్నప్పుడెల్ల మాకు మనస్సు కలుక్కుమనును. ఆ దినములలో వారికి అండగా నిలిచినవారు చార్లెస్ రసీన్ గురువుగారు. వీరు ఫ్రాన్సు దేశపు యేసుసభ సన్న్యాసి. పారిసులో ఏలీ కార్తాన్ మహాశయుని యొద్ద నేర్చి, 1939లో లయోలా కళాశాలకు వచ్చినవారు. యుద్ధభయముచే ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరు విడిచి గుంటూరునకు తరలియుండెను. అక్కడనే మీనాక్షిసుందరముగారికి ఉపన్యాసక పదవి దొరకెను. మన ఉయ్యూరువారికి కృష్ణ దాటినచో గుంటూరెంత దూరము!

మార్షల్ స్టోన్ అను అమెరికా గణితవేత్త వీరి ప్రతిభను గుర్తించుటచే 1946లో ప్రిన్స్‌టనునందలి ఉన్నతవిద్యా సంస్థకు వెళ్లి, 1948 వరకు నుండిరి. స్వీడను దేశస్థుడగు ఆకె ప్లెయెల్‌తో కలసి వ్రాసి 1949లో ప్రకటించిన వ్యాసమే వారి కీర్తికి మూలము.

ఆ వ్యాసపు సారమును పిల్లలకు తెలియునట్లు చెప్ప యత్నింతుము. ఒక పలుచని రేకును తీసికొని దాని యంచులను చల్లగా నుంచుడు. ఒక బిందువు నొద్ద కొంత వేడి నుంచి, క్షణకాలము తరువాత అచ్చటనే యెంత మిగిలెనో చూడుడు. ఇట్లే ప్రతి బిందువు నొద్దను చేసి, మిగిలిన వేడినంతయు కూడవలెను. ఆ మొత్తము ఆదిలో రేకు వైశాల్యమును తెలుపును. దాని వెనుక అంచు పొడవును. ఆ పిమ్మట రేకునందెన్ని రంధ్రములున్నవో దానిని కూడ తెలుపును! తప్పెట మ్రోగు స్వరములన్నిటిని ఎరిగినవాడు చూడకయే ఈ మూడింటిని చెప్పగలడు. చదునుగాక వంపులు తిరిగిన తలములయందు, ఎన్ని పరిమాణములు గలవైనను, వేడి ఇట్లు అంచెలంచెలుగా పలుకు విధమును ఈ యిరువురును తెలిపిరి.

రంధ్రములకేమి విశేషమని అడుగవచ్చును. గారెను ఎంత సాగదీసినను, తెంపక, అంటింపక లడ్డుగా మార్చలేము. సాగదీసినను చెడని యిట్టి గుణములను గూర్చిన శాస్త్రము నేడు గొప్ప విద్య. అదే ప్రిన్స్‌టను సంస్థలో 2012-13లో పండితులు గుమిగూడి, ఈ శాస్త్రమును తర్కముతో జోడించి, ఉపపత్తులను యంత్రముచే సరిచూపించు హోమోటోపీ టైప్ సిద్ధాంతమను విద్యకు 2013లో గ్రంథమును కూర్చిరి. ఉన్నత తరగతులలో దానిని బోధించుచున్నారు.

మీనాక్షిసుందరముగారు మరల ఆంధ్ర విశ్వవిద్యాలయమునకే వచ్చి, వాల్తేరులో ఆచార్యులైరి. చంద్రశేఖరన్‌గారితో కలసి వ్రాసిన గ్రంథము 1952లో వెలువడెను. 1958లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ గణిత మహాసభకు ఆహ్వానము నందిరి. 1949 నాటి వ్యాసమునకు తగిన ఫలము మాత్రము ఆలస్యముగా వచ్చెను. తప్పెట స్వరములనుబట్టి రంధ్రములను లెక్కింపవచ్చునని మెకీన్, సింగర్ అనువారు నిరూపించినది 1967లో. మరుసటి యేడే, 1968 ఆగష్టు 13వ తేదీన, ఏబదినాలుగేండ్ల ప్రాయమున ఆచార్యులవారు కాలధర్మము నందిరి. బొంబాయి టాటా సంస్థలోని యువకుడు విజయ్‌కుమార్ పటోడీ, వేడి సమీకరణపు ఆ విస్తరణమునే చేపట్టి, వంపును రంధ్రములకు ముడివేయు ప్రాచీన సిద్ధాంతమునకు క్రొత్త ఉపపత్తిని 1971లో ప్రకటించెను.