రాజమహేంద్రవరానికి చిత్రశాలను మిగిల్చిన దామెర్ల రామారావు

(ప్రత్యేక వ్యాసం)

ఆధునికాంధ్ర చిత్రకళకు బాటలు వేసినవారిలో అగ్రగణ్యుడు దామెర్ల రామారావు. ఆయన కన్నుమూసి 2025 ఫిబ్రవరి 6వ తేదీకి నూరు సంవత్సరాలు నిండాయి. జీవించినది 28 ఏళ్లలోపే అయినప్పటికీ, ఆయన కుంచె నుంచి వెలువడిన చిత్రాలలో అధికభాగం నేటికీ ఆయన పుట్టిన పట్టణంలోనే, ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఒక్కచోట ఉండటం విశేషం. ఆ కాలపు చిత్రకారుల రచనలు పలువురివి చెల్లాచెదురై, సంస్థానాల మేడల్లోనూ, వ్యక్తుల ఇళ్లలోనూ మిగిలిపోయాయి. రామారావు చిత్రాలు మాత్రం ప్రజల ఆస్తిగా నిలిచాయి. ఇందుకు ఆయన జీవితంలో తీసుకున్న ఒక నిర్ణయం, ఆయన మరణానంతరం ఆప్తులు చేసిన కృషి కారణమయ్యాయి.

గురువు గుర్తించిన ప్రతిభ

రామారావు 1897 మార్చి 8న గోదావరి తీరంలోని రాజమండ్రిలో జన్మించారు. బాల్యం నుంచి ఆయనకు చదువుకంటె బొమ్మలు గీయడంపైనే మక్కువ ఎక్కువ. ఆ రోజులలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. ప్రతిభ గల విద్యార్థులను చేరదీసి, తీరిక వేళల్లో వారితో కలసి ప్రకృతి దృశ్యాలు చిత్రించేవారు. అజంతా గుహలకు తీసుకువెళ్లి అచ్చటి కుడ్యచిత్రాలను చూపించారు. తరువాతి కాలంలో నవలాకారునిగా, చిత్రకారునిగా ప్రసిద్ధి చెందిన అడివి బాపిరాజు కూడా కూల్డ్రే ప్రోత్సాహం పొందినవారే.

కూల్డ్రే ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చేరారు. ఆ విద్యాలయంలో పాశ్చాత్య పద్ధతిలో శరీర నిర్మాణం, వెలుగునీడలు, దూరసామీప్యాల చిత్రణ నేర్చుకుని 1920లో విద్య పూర్తిచేశారు. గుజరాత్, కథియవాడ్ ప్రాంతాలలో పర్యటించి అక్కడి పల్లె స్త్రీలను, జనజీవనాన్ని చిత్రించారు.

స్వస్థలానికి తిరిగి రాక

ఆనాడు చిత్రకళకు పోషకులు, పేరున్న ప్రదర్శనలు, విమర్శకులు అందరూ బొంబాయి, కలకత్తా నగరాలలోనే ఉండేవారు. ఆంధ్ర ప్రాంతంలో చిత్రకళను శాస్త్రీయంగా నేర్పే ఏర్పాట్లు చాలా తక్కువ. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల 1922లో ప్రమోద కుమార ఛటర్జీ ఆధ్వర్యంలో చిత్రకళా శిక్షణ మొదలుపెట్టే వరకు ఆసక్తి గలవారు దూర నగరాలకు వెళ్లక తప్పేది కాదు. అటువంటి స్థితిలో రామారావు రాజమండ్రినే తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు.

1920 తరువాతి అయిదేళ్లలో ఆయన చేసిన పని అంతా ఇంతా కాదు. ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అనే సంస్థను నెలకొల్పారు. చిత్రకళాశాలను ప్రారంభించి యువకులకు రేఖ, వర్ణం నేర్పారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఆయన వద్ద శిక్షణ పొంది చిత్రకారిణులయ్యారు. స్త్రీలు పలకా బలపం పట్టడమే అపురూపమైన రోజులలో ఇంటి ఆడవారి చేతికి కుంచె అందించడం గమనార్హం.

కందుకూరి వీరేశలింగం 1890లో పురమందిరాన్ని నిర్మించిన పట్టణం రాజమండ్రి. ఊరికి అవసరమైన సంస్థను ఊరివారే నెలకొల్పుకోవడం అక్కడ అప్పటికే ఒక సంప్రదాయం. రామారావు ఆ సంప్రదాయాన్ని చిత్రకళకు విస్తరింపజేశారు.

రచనలు, ప్రదర్శనలు

రామారావు చిత్రాలలో బొంబాయి శిక్షణ ఇచ్చిన రేఖాదార్ఢ్యం, అజంతా నేర్పిన లయ, నీటిరంగుల మృదుత్వం కలసి కనిపిస్తాయి. విమర్శకులు దీనిని ఆంధ్ర శైలికి నాందిగా పరిగణిస్తారు. 'పుష్పాలంకారం', 'నందిపూజ', 'సిద్ధార్థ రాగోదయం' ఆయన ప్రసిద్ధ రచనలు. తూర్పు కనుమల నడుమ ప్రవహించే గోదావరిని ఆయన పలుమార్లు చిత్రించారు. వానలు కురవని అంగరాజ్యానికి మునికుమారుని రప్పించిన రామాయణ గాథ ఆధారంగా వేసిన 'ఋష్యశృంగ బంధనం' 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొంది, ఆయన పేరును దేశమంతటికీ పరిచయం చేసింది. 1924లో లండన్ సమీపాన వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలకు స్థానం లభించింది.

అకాల మరణం

కీర్తి పెరుగుతున్న తరుణంలోనే విధి వక్రించింది. మశూచి సోకి రామారావు 1925 ఫిబ్రవరి 6న మరణించారు. 28వ పుట్టినరోజుకు ఇంకా 30 రోజుల వ్యవధి ఉంది. పాఠశాల మొదటి అడుగులలోనే ఉంది. చిత్రాలు ఇంటిలోనే ఉన్నాయి. అవి అమ్ముడుపోయి ఉంటే, లేదా బంధువులు పంచుకుని ఉంటే రామారావు పేరు కొందరి జ్ఞాపకాలకే పరిమితమయ్యేది.

అలా జరగకుండా కాపాడినవారిలో ప్రథముడు ఆయన మిత్రుడు, చిత్రకారుడు వరదా వెంకటరత్నం. తన సొంత పేరు ప్రతిష్ఠలకంటె మిత్రుని ఆశయానికే ప్రాధాన్యమిచ్చి దశాబ్దాలపాటు పాఠశాలను నడిపారు. సత్యవాణి, కుటుంబ సభ్యులు, శిష్యులు చిత్రాలను భద్రపరచి ఆయనకు అండగా నిలిచారు. ఈ సమష్టి కృషి నుంచే రామారావు స్మారక చిత్రశాల రూపుదిద్దుకుంది. కాలక్రమంలో చిత్రశాల, దానికి అనుబంధమైన చిత్రకళాశాల రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చాయి. 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, అనేక రేఖాచిత్ర పుస్తకాలు రామారావు వదలివెళ్లిన సంపదగా నమోదయ్యాయి.

చిత్రశాల, పాఠశాల ఒకే చోట

బొమ్మలను గోడకు తగిలించి తాళం వేసే ప్రదర్శనశాలలకు, ఈ సంస్థకు మౌలికమైన భేదం ఉంది. ఇక్కడ పాఠశాల ముందు పుట్టింది, చిత్రశాల తరువాత వచ్చింది. నేర్చుకునే విద్యార్థికి మూలచిత్రం పక్కగదిలోనే అందుబాటులో ఉండటం అచ్చుబొమ్మలు ఇవ్వలేని పాఠం. రామారావు ఏ నదిని చిత్రించారో ఆ నది అదే ఊరిలో ప్రవహిస్తూ ఉంటుంది. ఈ చిత్రాలు మహానగరానికి తరలిపోయి ఉంటే ఆ అనుబంధం తెగిపోయేది. ప్రాంతీయ చిత్రశాలల ప్రయోజనం ఇక్కడే స్పష్టమవుతుంది.

ఆ ప్రయోజనంతో పాటు బాధ్యత కూడా ఉంది. కాగితంపై వేసిన నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. పోయిన రంగును తిరిగి తేవడం సాధ్యం కాదు. అందుచేతనే ఇటువంటి చిత్రాలపై పడే కాంతి సుమారు 50 లక్స్ మించరాదని ప్రదర్శనశాలల నిపుణులు సూచిస్తారు. నదీతీర పట్టణాలలోని తేమ వల్ల కాగితానికి బూజు, పురుగు పట్టే ప్రమాదం ఉంటుంది. చిత్రాలను వంతులవారీగా ప్రదర్శించి మిగిలిన కాలం చీకటిలో భద్రపరచడం, ప్రతి చిత్రాన్ని ఛాయాచిత్రంతో సహా జాబితాలో నమోదు చేయడం, మరమ్మతులను శిక్షణ పొందిన సంరక్షకులకే అప్పగించడం ఏ చిత్రశాలకైనా అనుసరణీయమైన పద్ధతులు. నూరేళ్ల వయస్సు దాటిన చిత్రాల విషయంలో ఇవి మరింత అవసరం.

అయితే సంరక్షణ ఒక్కటే చిత్రశాలను బతికించదు. రామారావు మరణించిన నాడు ఆయన చిత్రాలకు ప్రభుత్వ భవనం లేదు, సిబ్బంది లేరు, నిధులు లేవు. అవి తమవని భావించిన కొద్దిమంది మాత్రమే ఉన్నారు. పాఠశాలల పిల్లలు, ఉపాధ్యాయులు, స్థానిక చిత్రకారులు తరచుగా చిత్రశాలకు వచ్చినప్పుడే ఆ భావన తరువాతి తరానికి అందుతుంది. విద్యార్థుల రచనలను రామారావు చిత్రాల సరసన ప్రదర్శించే ప్రతి సందర్భమూ ఆయన తలపెట్టిన పనికి కొనసాగింపే అవుతుంది.

వరదా వెంకటరత్నం, సత్యవాణి తమ వంతు నిర్వర్తించి వెళ్లారు. రాజమహేంద్రవరంలోని ఆ చిత్రాలను వెలుగు నుంచి, తేమ నుంచి, అన్నిటికంటె ముఖ్యంగా మరపు నుంచి కాపాడటం నేటి తరంవారి వంతు.