ఇత్తడి వాద్యాల గురువు – ఆర్బాన్

బ్యాండు మేళం అనగానే మనకు పెళ్ళి ఊరేగింపే గుర్తొస్తుంది. ఆ ఊదేవాళ్ళు ఎంత కష్టపడి నేర్చుకున్నారో ఎవరమూ అడగం. ఇలాంటి చిన్నచూపు ఒకప్పుడు పారిస్‌లోనూ ఉండేది. దాన్ని ఒక పాఠ్యపుస్తకంతో ఎదిరించిన మనిషి జాన్ బాప్టిస్ట్ ఆర్బాన్.

ఆయన 1825 ఫిబ్రవరి 28న ఫ్రాన్సులోని లియోన్‌లో జన్మించాడు. పారిస్ సంగీత కళాశాలలో ట్రంపెట్ నేర్చి 1845లో ప్రథమ బహుమతి గెలిచాడు. కాని మనసు పడింది కార్నెట్ మీద. అది అప్పటికి కొత్త వాద్యం. నాట్యశాలలకు, సైనిక బ్యాండ్లకే తగునని పెద్దల అభిప్రాయం. 1857లో ఆర్బాన్ సైనిక విద్యార్థులకు శాక్స్‌హార్న్ నేర్పే ఆచార్యుడయ్యాడు. 1864లో ఈ రెండు వాద్యాలకూ కలిపి బృహత్తర శిక్షణ గ్రంథం వెలువరించాడు. 1869లో అదే సంగీత కళాశాలలో కార్నెట్ ఆచార్యుడయ్యాడు. 1874లో వదిలి వెళ్ళినా, 1880లో తిరిగి వచ్చి, 1889లో చనిపోయేదాకా పాఠం చెప్పాడు.

సైన్సు విద్యార్థిగా నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. కార్నెట్ గొట్టం పొడవు సుమారు నాలుగున్నర అడుగులు. పెద్ద ట్యూబాది పద్దెనిమిది. పొడవు నాలుగింతలైతే శ్రుతి రెండు స్థాయిలు దిగుతుంది గాని, మొదటి మూడు మీటల లెక్క మారదు. అందుకే కార్నెట్‌కు రాసిన పుస్తకం, మంద్రస్వర లిపిలోకి మారి, నేటికీ ట్యూబా నేర్చేవాళ్ళ చేతిలో ఉంది.

అందులోని వరస చూడండి. ముందు నిలకడగా ఒక్క స్వరం, తర్వాత పెదవుల సాధన, స్వరవరసలు, గమకాలు, నాలుక విరుపులు. ఆ పైన నూటయాభై పాటలు, పద్నాలుగు కఠిన సాధనలు, చివర పన్నెండు కచేరీ రచనలు. మా నాన్న దుక్కి దున్నకుండా విత్తనం చల్లడు. ఆర్బాన్‌దీ రైతు పద్ధతే!

ట్యూబా విద్యార్థులు దీనికి తోడు బోర్డోగ్ని గాత్రసాధనలు ఊదుతారు, శ్వాస పాటలా సాగడానికి. ఆ పునాది గట్టిపడ్డాకే హిండెమిత్ సొనాటా (1955), వాన్ విలియమ్స్ కన్సర్టో (1954) లాంటివి ముట్టుకుంటారు.

మిత్రులారా! ఏ వాద్యమూ పుట్టుకతో తక్కువది కాదు. దానికో మంచి పాఠం రాసేవాడు, దాన్ని ఓపికగా సాధించేవాడు కావాలి. మన చదువులకూ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం.