డోర్నకల్ అజరయ్య గారు

డోర్నకల్ జంక్షను మీదుగా పోయిన మనవారు సింగరేణి బొగ్గు వాగనులను చూచియుందురు గాని, ఆ ఊరి పెద్ద క్రైస్తవ దేవాలయమును చూచినవారు కొద్దిమందే. దానిని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళైలో పుట్టిన తమిళులు. తండ్రిగారు ఆంగ్లికన్ సంఘమున గ్రామ గురువు.

మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరిరి. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు సొంత సొమ్ముతో పరప్రాంతములకు బోధకులను పంపుట చూచి, తమవారు ఆ పని చేయలేదే యని నొచ్చుకొనిరి. మరుసటి యేడే స్వదేశీయుల ధనముతో తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘము స్థాపించిరి. ఆ సంఘమువారు పనికి ఎన్నుకొన్న చోటు నిజాం రాజ్యములోని డోర్నకల్. 1909లో దీక్ష పొంది, ఉన్న ఉద్యోగము వదలి, తామే అచ్చట కాపురము పెట్టిరి.

అప్పటికి వారికి ముప్పదియైదేండ్లు. ఆ వయస్సున తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించిరి. ఈ ముక్క మేము ప్రత్యేకించి వ్రాయుటకు కారణము కలదు. బళ్ళారికి వచ్చి కన్నడములో అర్జీ వ్రాయుటకు చెమటలు క్రక్కిన మాబోటివారికి ఆ శ్రమ ఎంతటిదో తెలియును.

1910లో ఎడింబరో మహాసభలో, తెల్ల మిషనరీలు మాకై ధనము, ప్రాణము కూడ నిత్తురు గాని స్నేహము మాత్రము ఈయరని నిర్మొగమాటముగా చెప్పిరి. కొందరికి కష్టము తోచెను. మదరాసు బిషప్పు వైట్‌హెడ్ గారు వీరిని బిషప్పును చేయ సంకల్పింపగా, నల్లవాని క్రింద తెల్లవారు పని చేయుటా అని అభ్యంతరములు లేచెను. ఐనను 1912 డిసెంబరు 29న కలకత్తాలో పట్టాభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన తొలి భారతీయుడు వీరే.

ఆ పిమ్మట ఎడ్లబండి మీద పల్లెలు తిరుగుటయే వారి జీవితము. వచ్చి చేరినవారు ఎక్కువగా మాల మాదిగ కూలి జనము. కాలక్రమమున కృష్ణా మండలము, మన పొరుగున నంద్యాల ప్రాంతము సైతము వారి ఏలుబడిలోనికి వచ్చి, సంఘస్థులు రెండు లక్షలు దాటిరి. ఈ సామూహిక మతమార్పిడులు గాంధీగారికి నచ్చలేదు. తన మతమును ఎంచుకొను హక్కు పేదవానికి లేదాయని అజరయ్య గారి పట్టు. అట్లని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనని వారు కోరలేదు సరికదా, వ్యతిరేకించిరి. మా మట్టుకు ఇది గొప్పగా తోచును.

డోర్నకల్ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. గుమ్మటములు మసీదు పోలిక, స్తంభములు కోవెల పోలిక.

1945 జనవరి 1న అచ్చటనే కన్నుమూసిరి. వారు పాతికేండ్లకు పైగా పాటుపడిన దక్షిణ ఇండియా సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న జరిగెను. నంద్యాల వైపువారు మాత్రము చాలమంది చాల యేండ్లు అందులో చేరక వెలుపలనే ఉండిరి.