గుంపెయి యొకోయి: చౌక వస్తువులో గొప్ప ఆటను చూచిన శిల్పి

క్రొత్త యంత్రాలను కనిపెట్టిన మహనీయుల పేర్లు మనకు పాఠ్యపుస్తకాలలో చాలా కనిపిస్తాయి. ఆ యంత్రాన్ని సామాన్యుని చేతికి అందేటట్లు చేసిన వారి పేర్లు మాత్రం అంతగా కనిపించవు. ఒక వస్తువును నిర్మించడం ఒక ఎత్తు. ఒక తండ్రి తన జేబు చూచుకొని బిడ్డకు కొని ఇవ్వగలిగేటట్లు దానిని నిర్మించడం మరొక ఎత్తు. ఈ రెండవ విద్యలో ఆరితేరిన జపాను దేశీయుడు గుంపెయి యొకోయి. ఆయన జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో పెరిగిన మనకు ధర ఎంత పెద్ద మాటో వేరుగా చెప్పనక్కరలేదు. జాతర అంగళ్లలో ఇటుకలు పేర్చే చిన్న ఆటయంత్రం కోసం మారాం చేసినవారు మనలోను, మన అధ్యాపకులలోను కొందరైనా ఉంటారు. ఆ యంత్రానికి పెద్దన్న వంటి గేమ్ బాయ్‌ను లోకానికి అందించినవారే యొకోయి.

ఆయన 1941లో క్యోటో నగరంలో జన్మించారు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండో సంస్థలో చేరారు. అప్పటికి ఆ సంస్థ ప్రపంచప్రసిద్ధం కాదు. 1889 నుండి హనఫుడా అనే పేకముక్కలు చేసి అమ్ముకొనే క్యోటో సంస్థ. ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూడటమే యొకోయి ఉద్యోగం. తీరిక దొరికినపుడు ఆయన సరదాకు ఒక పొడవాటి చేతిని చేసుకొన్నారు. పిడులు దగ్గరకు నొక్కితే అది ముందుకు సాగి దూరాన ఉన్న వస్తువును పట్టుకొంటుంది. సంస్థ అధ్యక్షులు హిరోషి యమౌచి దానిని చూచారు. మందలింపు వస్తుందనుకొన్న యువకునికి, దానిని అమ్మకపు వస్తువుగా తీర్చిదిద్దమనే ఆజ్ఞ వచ్చింది. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఆ తరువాత జరిగిన ఒక చిన్న సంఘటన యొకోయి జీవితాన్ని మలుపు త్రిప్పింది. వేగపు రైలులో ప్రయాణిస్తుండగా, విసుగు చెందిన ఒక ఉద్యోగి కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం ఆయన చూచారు. 1970 దశకంలో కాలిక్యులేటర్ సంస్థల నడుమ సాగిన పోటీ వలన ఎల్.సి.డి. తెరలు, చిన్న చిప్పులు బాగా చౌకబడ్డాయి. వాటితోనే జేబులో ఇమిడే ఆటను చేయవచ్చునని ఆయనకు తోచింది. 1980లో గేమ్ అండ్ వాచ్ 5,800 యెన్‌ల ధరకు వెలువడింది. 1991 వరకు ఈ వరుసలోని ఆటలు ప్రపంచమంతటా 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి. 1982లో వీటిలో ఒకదానికి ఆయన అమర్చిన కూడిక గుర్తు ఆకారపు మీట తరువాతి ఆటయంత్రాలకు ఒరవడి అయింది.

యొకోయి సూత్రం సులభమైనదే. వాడుకలో నలిగి, లోపాలన్నీ తెలిసి, ధర తగ్గిన సాంకేతికతను తీసుకొని, ఎవరూ తలచని ఉపయోగానికి త్రిప్పడం. మన జనగామ ప్రక్కన గల పెంబర్తి కళాకారుల పనిని ఎరిగినవారికి ఇది వింత కాదు. దేవాలయాలకు ఇత్తడి తొడుగులు చేసిన ఆ కళయే నిజాముల కాలంలో పాన్‌దానులు, అత్తరుదానులు చేసింది. లోహం పాతది, ఉపయోగం క్రొత్తది.

ఈ సూత్రానికి అసలైన పరీక్ష 1989లో వచ్చింది. ఆ ఏప్రిల్ మాసంలో గేమ్ బాయ్ జపానులో 12,500 యెన్‌లకు, జూలైలో అమెరికాలో సుమారు 90 డాలర్లకు వెలువడింది. దాని తెరలో రంగులు లేవు. ఆకుపచ్చని వన్నెలో నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనుక దీపం లేదు. అదే సంవత్సరం అటారి సంస్థ లింక్స్ అనే యంత్రాన్ని రంగుల తెరతో సుమారు 180 డాలర్లకు తెచ్చింది. 1990లో సేగా సంస్థ గేమ్ గేర్‌ను 19,800 యెన్‌లకు తెచ్చింది. చూపులకు ఈ రెండే మేలైనవి. కాని ఆ రెండింటికీ ఆరేసి పెన్సిల్ సెల్లులు కావాలి. అవి నాలుగైదు గంటలలో నీరసిస్తాయి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలకు మించి నడిచేది.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు గమనింపవలసిన విషయం ఇక్కడే ఉన్నది. యంత్రానికి ధర ఒక్కసారి చెల్లిస్తాము. సెల్లులకు ఆడిన ప్రతిసారీ చెల్లిస్తాము. యొకోయి, ఆయన సహచరులైన సతోరు ఒకాడా మొదలైన ఇంజనీర్లు ఈ రెండు ఖర్చులనూ తగ్గించారు. యంత్రంతో పాటు టెట్రిస్ ఆటను కలిపి ఇవ్వడంతో అమెరికాలో పెద్దలు సైతం దానిని కొన్నారు. గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిసి చివరకు 11 కోట్ల 86 లక్షలు అమ్ముడయ్యాయి. రంగుల తెరల ప్రత్యర్థులు ఆ దరిదాపులకు రాలేకపోయారు.

అయితే మహనీయుల జీవితంలో జయాలను మాత్రమే చెప్పడం న్యాయం కాదు. 1995లో యొకోయి వర్చువల్ బాయ్‌ను రూపొందించారు. ఖర్చు తగ్గించడానికి ఎర్రని దీపాలను మాత్రమే వాడినా ధర 15,000 యెన్‌లకు చేరింది. జేబులో పట్టదు, బల్లపై నిలిపి అందులోకి తొంగి చూడాలి. కళ్లు లాగుతున్నాయని, తల నొస్తున్నదని ఆడినవారు చెప్పారు. ఎనిమిది లక్షలైనా అమ్ముడుపోక, ఏడాది తిరిగేసరికి నిలిచిపోయింది. చౌక భాగాలు వాడినంత మాత్రాన వస్తువు చౌక కాదని, సుఖం లేని ఆట ఆట కాదని ఈ ఓటమి తెలిపింది.

ఆయన క్రుంగిపోలేదు. 1996 జూలైలో మరింత చిన్నదైన గేమ్ బాయ్ పాకెట్ 6,800 యెన్‌లకు వచ్చింది. ఆగస్టులో ఆయన ముప్పది యేండ్ల కొలువు విడిచి, కోటో అనే స్వంత సంస్థను నెలకొల్పారు. బండాయ్ సంస్థ కొరకు వండర్‌స్వాన్ అనే క్రొత్త చేతి యంత్రానికి రూపకల్పన సాగించారు. విధి మరొక విధంగా తలచింది. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతపు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు ముందున్న వాహనాన్ని తాకింది. నష్టాన్ని చూడటానికి క్రిందికి దిగిన ఆయనను మరొక కారు ఢీకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు మాత్రమే. 1999 మార్చిలో వండర్‌స్వాన్ 4,800 యెన్‌లకు వెలువడింది. ఒక్క సెల్లుతో ముప్పది గంటలు నడిచే ఆ యంత్రాన్ని దాని శిల్పి చూడలేదు. దానితో పాటు వచ్చిన గుంపే అనే ఆట ఆయన పేరును నిలిపింది.

ఆయన పాఠాన్ని ఆయన పూర్వ సంస్థయే 2011లో మరల నేర్చుకోవలసి వచ్చింది. 25,000 యెన్‌లకు తెచ్చిన 3డి.ఎస్. యంత్రం ఆశించినంతగా అమ్ముడుపోక, ఆరు మాసాలలోనే ధరను 15,000కు దించింది. తరువాతనే దాని అమ్మకం పుంజుకొన్నది.

విద్యార్థి మిత్రులారా! సరికొత్త పరికరాలు లేవని, పెద్ద ప్రయోగశాలలు లేవని మనం తరచుగా చింతిస్తాము. పేకముక్కల యంత్రాలకు కాపలా ఉన్న యువకుని వద్ద కూడా అవి లేవు. అందరికీ అందుబాటులో ఉన్న వస్తువును ఎవరూ చూడని కోణంలో చూచే కన్ను, కొనేవాని కష్టాన్ని తన కష్టంగా తలచే మనస్సు ఆయనకు ఉన్నాయి. ఆ రెండూ ధర పెట్టి కొనవలసినవి కావు. వాటిని మన కళాశాలలోనే అలవరచుకోగలమని మా విశ్వాసం.