ఉప్పు మోసిన సందేశం: డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

మానవ శరీరం ఒక మహారాజ్యం. అందులో ఒక చోటి నుంచి మరొక చోటికి సందేశాలు రెండు మార్గాలలో ప్రయాణిస్తాయి. మొదటిది నాడుల మార్గం, రెండవది రక్తప్రవాహ మార్గం. రక్తప్రవాహంలో సాగిపోయే దూతలే హార్మోన్లు. వీటిని నాళాల సాయం లేకుండా నేరుగా రక్తంలోకి విడుదల చేసే గ్రంథులను వినాళ గ్రంథులు అంటారు. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ అటువంటి గ్రంథి. అది పంపే థైరాక్సిన్ అనే హార్మోన్ దేహంలోని శక్తి వినియోగాన్ని, పిల్లల ఎదుగుదలను, గర్భస్థ శిశువు మెదడు వికాసాన్ని శాసిస్తుంది. ఆ సందేశం అందక ఎన్నో తరాలుగా నలిగిపోయిన కొండప్రాంతాల ప్రజల బాధకు మూలాన్ని పరిశోధించి, చవకైన నివారణను నిరూపించి చూపిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

రామలింగస్వామి 1921 ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళంలో జన్మించారు. వైద్యవిద్య కోసం విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చేరారు. నేడు ఓడరేవుకు, ఉక్కు పరిశ్రమకు పేరొందిన విశాఖలో అప్పటికి ఉక్కు కర్మాగారం లేదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు మాత్రం ఉంది. ఆయన విద్యార్థిగా ఉన్న కాలంలోనే, 1942 ఏప్రిల్ 6న, ఆ నగరంపై జపాన్ విమానాలు బాంబులు కురిపించాయి. అటువంటి కల్లోల కాలంలో చదువు సాగించి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలను అందుకున్నారు. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

ఉన్నత విద్య ఆయనను పేదల జీవితాలకు దూరం చేయలేదు. నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేస్తూ, మాంసకృత్తుల లోపం వల్ల పసిపిల్లలకు సంక్రమించే వ్యాధులను ఆయన లోతుగా అధ్యయనం చేశారు. సూక్ష్మదర్శిని కింద కనిపించే కణజాలపు మార్పుకు, పేదవాని కంచంలోని వెలితికి ఉన్న సంబంధాన్ని గుర్తించడమే ఆయన పరిశోధనలలోని ప్రత్యేకత. ఆ దృష్టే ఆయనను హిమాలయ సానువులకు నడిపించింది.

హిమాలయ పాదప్రాంతాలలో అనాదిగా ఒక వ్యాధి వేళ్ళూనుకొని ఉంది. స్త్రీలు, పురుషులు, పిల్లలు అనే భేదం లేకుండా అనేకుల మెడలు వాచి, కాయలు వేలాడినట్లు కనిపించేవి. దీనినే గలగండం లేదా గాయిటర్ అంటారు. దీనికి కారణం నేలలో ఉంది. మంచు, వర్షం, నదుల వరదలు యుగయుగాలుగా ఆ కొండల మట్టిలోని అయోడిన్‌ను కడిగి సముద్రంలో కలిపివేశాయి. అయోడిన్ లేని నేలలో పండిన పంటలోనూ అది లేదు. ఆ పంట తిన్న మనిషి రక్తంలోనూ లేదు.

అశోకవనంలో సీతాదేవి హనుమంతుని రామదూతగా విశ్వసించడానికి అంగుళీయకం ఎంత అవసరమైనదో, థైరాక్సిన్‌కు అయోడిన్ అంత అవసరం. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. అవి లభించకపోతే ఆ దూత బయలుదేరనే లేదు. రక్తంలో థైరాక్సిన్ తగ్గగానే మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ఆ కొరతను గుర్తించి, థైరాయిడ్‌ను ప్రేరేపించే మరొక హార్మోన్‌ను అధికంగా పంపుతుంది. ముడిసరుకు లేని థైరాయిడ్ ఆ ఆజ్ఞను నెరవేర్చాలని పెనుగులాడి, పెనుగులాడి పెరిగిపోతుంది. మెడ మీద కనిపించే వాపు ఆ విఫల ప్రయత్నానికి గుర్తు.

ఈ సమస్యకు పరిష్కారం కనుగొనడానికి 1956లో హిమాచల్ ప్రాంతంలోని కాంగ్రా లోయలో రామలింగస్వామి, ఆయన సహచరులు ఒక బృహత్ ప్రయోగాన్ని ఆరంభించారు. సుమారు లక్షమంది జనాభా గల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పును, మరొక మండలానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పును సరఫరా చేశారు. మిగిలిన మండలానికి మామూలు ఉప్పే అందింది. ఉప్పునే ఎన్నుకోవడంలో ఎంతో ఔచిత్యం ఉంది. ధనికుడైనా, దరిద్రుడైనా ఉప్పు లేనిదే ముద్ద ఎత్తడు.  సముద్రంలో అయోడిన్ ఉన్నప్పటికీ, ఎండబెట్టి తీసిన ఉప్పులో మిగిలేది అత్యల్పం. అందుచేత దానిని ప్రత్యేకంగా కలపవలసి ఉంటుంది.

ఈ ప్రయోగంలో ఒక ధర్మసంకటం కూడా ఉంది. మూడవ మండలంలోని ప్రజలకు అయోడిన్ అందించకుండా ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చింది. అయితే ఆ పోలిక లేకపోతే, వ్యాధి తగ్గడానికి కారణం అయోడినే అని నిరూపించే మార్గం లేదు. నిరూపణ లేనిదే దేశవ్యాప్త కార్యక్రమానికి ప్రభుత్వాన్ని ఒప్పించడమూ కష్టమే. ఐదు సంవత్సరాల తరువాత పరిశీలించగా, అయోడిన్ ఉప్పు తిన్న మండలాలలో గలగండం దాదాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో తగ్గుదల లేదు. ఫలితం తేటతెల్లం కాగానే ఆ మండలానికి కూడా అయోడిన్ ఉప్పును సరఫరా చేశారు. తరువాతి సంవత్సరాలలో అక్కడ కూడా వ్యాధి తగ్గుముఖం పట్టింది. శుద్ధి చేయని తడి ఉప్పులో సైతం అయొడేట్ చెక్కుచెదరక నిలుస్తుంది గనుక, మన దేశ వాతావరణానికి అదే అనువైనదిగా తేలింది.

1962లో భారత ప్రభుత్వం జాతీయ గలగండ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కాంగ్రా ఫలితాలు దానికి బలమైన శాస్త్రీయ ఆధారంగా నిలిచాయి. మెడ వాపు కంటికి కనిపించే కీడు మాత్రమే. కంటికి కనిపించని కీడు మరింత దారుణమైనది. గర్భవతికి అయోడిన్ చాలకపోతే శిశువు మెదడు పూర్తిగా వికసించదు. కొందరు చెవిటి, మూగ వారుగా, మరికొందరు మందబుద్ధులుగా జన్మిస్తారు. అలా జరిగిన నష్టాన్ని తరువాత ఏ మందూ పూర్తిగా పూడ్చలేదు. ఈ సత్యం బలపడిన కొద్దీ కార్యక్రమ పరిధి విస్తరించింది. 1992లో దాని పేరు కూడా అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది.

రామలింగస్వామి 1969 నుంచి 1979 వరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టర్‌గా, అనంతరం 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా సేవలందించారు. 1971లో పద్మవిభూషణ్ పురస్కారం, 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లియోన్ బెర్నార్డ్ బహుమతి, 1986లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించాయి.

అయితే ఆయన జీవిత చరమాంకంలో ఒక విపర్యయం సంభవించింది. అయోడిన్ లేని ఉప్పును ఆహారంగా అమ్మరాదన్న దేశవ్యాప్త నిషేధాన్ని 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం ఎత్తివేసింది. 2006లో అది తిరిగి అమలులోకి వచ్చింది. దానిని చూడడానికి ఆయన లేరు. 2001 మే 28న ఆయన కన్నుమూశారు.

నిరూపితమైన సత్యం సైతం తనంతట తానుగా నిలబడదు. ప్రతి తరమూ దానిని కాపాడుకోవలసిందే. పెద్దవారికి దినానికి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో సుమారు ఆరువేల ఏడువందలవ వంతు. అంత స్వల్పమైన పదార్థం ఒక తరం మేధస్సును నిలబెట్టగలదు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ సముద్రతీరాన వైద్యం అభ్యసించిన రామలింగస్వామి, యుగాల క్రితం కొండలను వీడి కడలిని చేరిన అయోడిన్‌ను చిటికెడు ఉప్పు ద్వారా తిరిగి కొండవాసుల ముంగిట చేర్చే మార్గాన్ని చూపారు. పేదవాని కంచాన్ని మరువని విద్యే సార్థకమైన విద్య అని ఆయన జీవితం నిరూపిస్తున్నది.